హిమఖండమున వేసవి పనులు

వేసవి యనగనే మన యిండ్లలో పనులు తగ్గించుకొను కాలము. బడులు మూయుదురు. మధ్యాహ్నము తలుపులు చేరవేసి, వట్టివేళ్ల తడికలపై నీళ్లు చల్లి, పొద్దు వాలుటకై ఎదురుచూతుము. బెజవాడ వారికి, రెంటచింతల వారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. భూగోళపు దక్షిణపు కొసనున్న అంటార్కిటికా ఖండమున వేసవి తీరు వేరు. అచట ఏడాదికి సరిపడు బరువు పనులన్నియు ఆ రెండు మూడు నెలలలోనే ముగియవలెను. ముగియనిచో, నౌక మరలిన పిదప అచట నిలిచిపోవు పిడికెడుమంది మనుష్యులకు ఇంజనులోనికి నూనె యుండదు, దీపము వెలుగదు, గది వెచ్చబడదు.

మన సేద్యగాండ్రకు "అదను" అను మంచి మాట కలదు. తొలకరి పడి నేల పదునెక్కినప్పుడే విత్తవలెను. ఆ దినములలో ఇంట పెండ్లి యున్నను అరక ఆగదు. మంచుఖండమున పరిశోధనలు జరుపు దేశములన్నింటికి వేసవి అట్టి అదను. మన దేశము 1981 నుండి ఈ అదనును పట్టుకొని అచటికి యాత్రలు పంపుచున్నది. అచట శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయములను పత్రికలలో చదువుచునే యున్నాము. ఆ శాస్త్రజ్ఞుడు తన పరికరము ముందు కూర్చుండుటకు పూర్వము ఎన్ని పీపాలు దొర్లింపవలెనో, ఎన్ని పెట్టెలు దింపవలెనో, వానిని ఎవరు దింపుదురో, ఆ సంగతి నేడు కొంత ముచ్చటింపదలచితిని.

ముందుగ అచటి కాలము సంగతి. మనకు ధనుర్మాసపు చలి మొదలై వాకిళ్లలో ముగ్గులు తీర్చునప్పటికి అచట నడివేసవి. మన మైత్రి కేంద్రమున్న చోట నవంబరు మూడవ వారము నుండి జనవరి మూడవ వారము వరకు సూర్యుడస్తమింపడు. ఆకాశమున గానుగెద్దు వలె చుట్టు తిరుగుచుండును. తీరప్రాంతమున ఎండ కాచిన దినములలో ఉష్ణమానము సున్న డిగ్రీల దాపున ఉండును. మన యిండ్లలోని మంచు పెట్టెలో నీరు గడ్డకట్టు అర అంతకంటె చల్లగ నుండుననిన నమ్ముట కష్టము. గాలి వీచినప్పుడు మాత్రము ఆ మాట మరచిపోవలసినదే. ఖండపు నడిమిట్ట నుండి చల్లని బరువు గాలి పల్లమునకు నీరు పారినట్లు తీరమునకు జారివచ్చును.

నౌకలకు కావలసినది ఈ కొద్దిపాటి వెచ్చదనమే. శీతకాలపు చివర, అనగా సెప్టెంబరు నాటికి, ఖండము చుట్టు ఉన్న సముద్రము సాధారణముగ 1 కోటి 80 లక్షల చదరపు కిలోమీటర్ల మేర గడ్డకట్టియుండును. మన భారతదేశ వైశాల్యమునకు అది అయిదింతలు మించినది. ఫిబ్రవరి నాటికి అది కరిగి విరిగి సుమారు 30 లక్షలకు తగ్గును. ఇటీవలి కొన్ని సంవత్సరములలో అంతకంటె చాల తగ్గినది. ఆ సందులోనే నౌక చొరబడవలెను, సరకు దింపవలెను, సముద్రము మరల పేరుకొనకముందే బయటపడవలెను. ఆలస్యమైనచో నౌక మంచులో చిక్కుకొనును. లోగడ అట్లు చిక్కి, నలిగి, మునిగిన ఓడలు కలవు. 1915లో షాకిల్‌టన్ దొరగారి "ఎండ్యూరెన్స్" నౌక గతి యట్టిదే.

మన మొదటి యాత్ర చాల చిన్నది. సముద్రశాస్త్రవేత్త డాక్టరు ఎస్. జెడ్. ఖాసిం నాయకత్వమున 21 మంది 1981 డిసెంబరు 6న గోవా నుండి "పోలార్ సర్కిల్" అను అద్దె నౌకలో బయలుదేరి, 1982 జనవరి 9న మంచుపై కాలు మోపిరి. అచట నిలిచినది సుమారు పది దినములే. ఫిబ్రవరి 21న తిరిగి గోవా చేరిరి. అది చూచివచ్చుట మాత్రమే. కాపురము పెట్టుట మూడవ యాత్రకు వచ్చినది. వేసవి పని యననేమో తెలిసికొనుటకు ఆ 1983–84 యాత్రను మించిన ఉదాహరణము నాకు కనబడలేదు గనుక దానిని కొంచెము విడమరచి చెప్పుదును.

మూడవ యాత్రకు నాయకుడు భూభౌతిక శాస్త్రవేత్త డాక్టరు హర్ష్ కె. గుప్తా. వీరు మన హైదరాబాదునకు పరిచితులు. తరువాతి కాలమున, 1992 నుండి, ఇచటి జాతీయ భూభౌతిక పరిశోధనాసంస్థకు సంచాలకులుగ పనిచేసిరి. నౌక పేరు "ఫిన్‌పోలారిస్". యాత్రాసభ్యులు 81 మంది. వారిలో ఇద్దరు స్త్రీలు: సముద్రశాస్త్రవేత్త అదితీ పంత్, భూవిజ్ఞానశాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా. మన దేశపు యాత్రలలో ఆ ఖండమున కాలుమోపిన తొలి మహిళలు వీరే. ఇక మిగిలినవారిలో పెక్కుమంది సైనిక ఇంజనీర్లు, వైమానిక నౌకాదళముల వారు. పరిశోధన యాత్రలో సైనికులకేమి పని యని ఎవరైన అడుగవచ్చును. ఆ వేసవిలో పూర్తి చేయవలసిన ముఖ్యకార్యము పరిశోధన కానేకాదు, ఇల్లు కట్టుట. పన్నెండుగురు మనుష్యులు ఏడాది పొడుగున బ్రతుకుటకు తగిన ఇంటిని, రెండు నెలలలో, మంచుపై కట్టవలెను.

ఊరిలో ఇల్లు కట్టువానికి మేకులు తక్కువైనచో బజారునకు పోయి తెచ్చుకొనును. మేస్త్రి రానిచో మరునాడు వచ్చును. అచట నౌకలో ఎక్కింపని మేకు ఏడాది వరకు దొరకదు. కావున గోడలు, నేల, కప్పు అన్నియు ముందే కొయ్యపలకలుగ చేయించి, అంకెలు వేసి, ఏది ముందు కావలెనో అది పైకి వచ్చునట్లు నౌకలో సర్దవలెను. సరకు సర్దుటలో పొరపడినచో అచట దినములు పోవును. ఈ సర్దుబాటు విద్యను నేను చిన్ననాట మా యిండ్లలో పెండ్లికి తరలివెళ్లు ఎడ్లబండ్ల దగ్గర మాత్రమే చూచితిని. పీట మీదికి కావలసిన పసుపు కుంకుమల సంచి అడుగున పడినందుకు జరిగిన రభస ఇంకను జ్ఞాపకము. అక్కడ రభసతో తీరునది కాదు.

1983 డిసెంబరు చివర వారు మంచుతీరమును చేరిరి. బరువులు మోయుటకు పెద్ద హెలికాప్టర్లు రెండు మాత్రమే కలవు. 1984 జనవరి మొదటి దినములలోనే వానిలో ఒకటి కూలిపోయినది. అందులోని వారందరు ప్రాణములతో బయటపడుట అదృష్టము. కాని లెక్క ఒక్కసారిగ మారిపోయెను. పని దినములు పెరుగవు; మోత బలము సగమైనది. వచ్చినంత పని చేసి, మిగిలినది పై యేటికి వదలి, అందరు నౌకనెక్కి తిరిగివచ్చినను తప్పుపట్టువారెవరును ఉండరు. లేదా పట్టుదలతో కట్టి, సగము సగము ఏర్పాట్లతో పన్నెండుగురిని అచట విడిచిరావలెను. రెండవదానిలో అపాయము మాట చెప్పనేల! శీతకాలమున అచటికి నౌక రాదు, విమానము రాదు. ఇంజను ఆగినచో, నిప్పంటుకొన్నచో ఆదుకొనువారెవరు?

వారు వంతులు వేసికొని రేయింబవళ్లు పనిచేసిరి. రేయియే లేదు గనుక పగళ్లన్నియు పనిచేసిరి అనుట సరి. సుమారు ఎనిమిది వారములలో ఇల్లు లేచినది. దానికి దక్షిణ గంగోత్రి అని పేరు. లెఫ్టినెంట్ కర్నల్ ఎస్. ఎస్. శర్మ నాయకత్వమున పన్నెండుగురు ఆ యింట నిలిచి, మన దేశము పక్షమున అచట శీతకాలము గడపిన తొలి బృందమైరి. ఏర్పాట్లు సగముతో ఎవరిని విడువలేదు. పూర్తి చేసియే విడచిరి. ఈ యాత్ర చరిత్రలో నాకు మిక్కిలి గౌరవము కలిగించు ఘట్టమిదియే.

ఇంత శ్రమతో కట్టిన ఇల్లు ఎంతకాలము నిలిచినది? దానిని కట్టినది నేలపై గాక సముద్రముపైకి చాచుకొనియున్న మంచుపలకపై. ఆ పలక మెల్లగ కదలుచుండును. పైన మంచు కురిసి పేరుకొనుచుండును. గాలి తెచ్చిన మంచు ఇంటి గోడల చాటున కుప్పపడుచుండును. కొద్ది సంవత్సరములలో కప్పు కూడ మంచులో దిగబడెను. లోనికి పోవుటకు బావిలోనికి దిగినట్లు దిగవలసివచ్చెను. 1990 నాటికి దక్షిణ గంగోత్రిని నివాసముగ వదలుకొనిరి. ఈ సంగతి చదివినప్పుడు మొదట మనస్సు చివుక్కుమన్నది. తరువాత అనిపించినదేమనగా, ఆ యిల్లు మునుగుచున్నంతకాలమును అది మనవారికి బడియైనది. మరియొక ఇల్లు ఎచట కట్టవలెనో, ఎట్లు కట్టవలెనో దానిలో కాపురమున్నవారే చెప్పిరి.

రెండవ యిల్లు మైత్రి. దీనిని 1988–89 ప్రాంతమున రాతినేలపై నిలిపిరి. తీరము నుండి లోనికి సుమారు నూరు కిలోమీటర్ల దూరమున షిర్మాకర్ ఒయాసిస్ అను రాతి ప్రదేశము కలదు. ఎడారిలో నీటిపట్టును ఒయాసిస్ అందుము. మంచు ఎడారిలో మంచు లేని నేలపట్టును కూడ అట్లే పిలిచిరి. 1938–39లో జర్మను యాత్రవారి విమానములు దీనిపై ఎగిరినప్పుడు, కనుగొన్న విమానచోదకుని పేరు దీనికి వచ్చినది. అచట నూటికి పైగా చెరువులు కలవు. ఒక చెరువు ఒడ్డున మైత్రిని కాళ్లపై, మన తాటాకు మంచెల తీరున, నేలకు ఎత్తుగ నిలిపిరి. క్రింద నుండి గాలి సాగిపోవుటచే మంచు కుప్పపడదు. చెరువునకు ప్రియదర్శిని అని పేరు పెట్టిరి. శీతకాలమున పైన గడ్డకట్టినను అడుగున నీరు నిలిచియుండును. ఆ నీరే మైత్రివారి త్రాగునీరు. మంచును కరగించి త్రాగుటకు ఖర్చగు నూనె ఆ మేరకు మిగిలినది.

అయితే ఒక సౌకర్యము వచ్చిన చోట ఒక కష్టమును వచ్చును. దక్షిణ గంగోత్రి తీరమునకు దగ్గర. మైత్రి నూరు కిలోమీటర్లు లోన. నౌక నుండి దింపిన ప్రతి పీపాయు ఆ దూరము మంచుపై నడవవలెను.

ఈ కాలపు వేసవి యిట్లు సాగును. యాత్రలకు పోవువారిని ఢిల్లీలో వైద్యపరీక్షలు చేయించి, హిమాలయములలో ఔలీ వద్ద మంచుపై నడచుట, త్రాళ్లతో ఎక్కుట దిగుట నేర్పుదురు. యాత్రల నిర్వహణమంతయు గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధనాకేంద్రము చేతిలో నున్నది. మనుష్యులలో పలువురు నేడు దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్ నుండి విమానమున పోవుదురు. మైత్రికి కొద్ది దూరమున, 1961లో సోవియట్ దేశమువారు నెలకొల్పిన నోవోలజరెవ్‌స్కయా కేంద్రము కలదు. దాని సమీపమున మంచునే చదును చేసి విమానముల దారిగ మార్చిరి. కొన్ని గంటలలో ప్రయాణము ముగియును. కాని నూనె, ధాన్యము, ఇంజనులు, బండ్లు విమానములలో పోవు సరకులు కావు. వానికి నౌకయే గతి. నలుబదవ అక్షాంశము దాటిన పిదప సముద్రమున గాలుల నాపు భూమి చాల తక్కువ. ఆ అక్షాంశములను నావికులు "గర్జించు నలుబదులు" అందురు.

నౌక మంచుతీరమును చేరగనే అసలు తొందర మొదలగును. తీరమనిన ఇసుకతిన్నె యనుకొనరాదు. అది నీటి నుండి నిటారుగ లేచిన మంచుగోడ. నౌక ఆ గోడ ప్రక్కకు చేరి, తన క్రేనుతో సరకును గోడపైకి ఎత్తి దింపును. అట్లు చేరుటకు వీలులేనప్పుడు హెలికాప్టరు క్రింద త్రాటికి బరువు వ్రేలాడదీసి మోయుదురు. గాలి మారినచో తేలు మంచుగడ్డలు నౌకకును గోడకును నడుమ చొచ్చుకొని వచ్చును. అప్పుడు నౌక వెనుకకు తగ్గి, సముద్రమున తిరుగుచు, గాలి శాంతించువరకు కాచుకొనవలెను. కావున వాతావరణము మంచిగ నున్న పది గంటలను ఎవరును నిద్రకు ఇయ్యరు. నాయకుడు, వైద్యుడు, పట్టభద్రుడు, వంటవాడు అను భేదము లేక అందరు పెట్టెలు మోయుదురు. భూకంపములను గూర్చి గ్రంథములు వ్రాసిన పండితుడు ఉల్లిపాయల బస్తా భుజాన వేసికొని పోవుచున్న దృశ్యము అచట వింత కాదు.

సరకులన్నింటిలో పెద్దపీట నూనెకే. సాధారణ డీజిలు ఆ చలికి మైనము పేరినట్లు చిక్కబడి ఇంజనులో పారదు. విమానములకు వాడు జాతి నూనెను, చలికి గడ్డకట్టనిదానిని, తీసికొనిపోవుదురు. వెలుగు, వేడి, వంట, రేడియో, పరికరములు అన్నియు ఇంజనులపై ఆధారపడినవే. ఏడాదికి కావలసిన నూనె వేసవిలో చేరినచో శాస్త్రము సాగును. చేరనిచో శాస్త్రము మాట అటుంచి మనుష్యులను అచట నుంచుట కూడ తగదు. మా స్టూడియోకు ఒకసారి అట్టి యాత్రనుండి తిరిగివచ్చిన ఇంజనీరొకరు రికార్డింగునకై వచ్చిరి. అక్కడి శబ్దములలో మీకు బాగుగ గుర్తున్నదేది యని అడిగితిని. మంచుతుపాను హోరు అని చెప్పుదురనుకొంటిని. "ఇంజను మ్రోత. అది వినబడినంతసేపు హాయిగ నిద్రపట్టును. అది ఆగినచో అందరము ఒక్కసారిగ మేల్కొందుము" అని వారన్నారు. శబ్దములతోనే జీవించు మాబోటి వారికి ఆ జవాబు మరపు రాదు.

తీరము నుండి మైత్రికి సరకు మోయు బండ్లకు చక్రములుండవు. వెడల్పైన పట్టాలపై నడచును. ఒక్కొక్క బండి వెనుక మంచుపై జారు పెద్ద బల్లలు కట్టి వానిపై నూనె తొట్లు, పెట్టెలు ఎక్కింతురు. ఏ బండియు ఒంటరిగ పోరాదు. దారి పొడుగున మంచులో లోతైన పగుళ్లు కలవు. వానిపై గాలి పేర్చిన మంచు పలుచని కప్పు వలె పరచుకొనియుండును. చూచుటకు గట్టి నేలయే. ఏనుగులను పట్టుటకు త్రవ్విన గోతిపై ఆకులు కప్పుదురని కథలలో విందుము గదా, అట్లు. కావున తెలిసిన దారికి జెండాలు పాతి గుర్తులు పెట్టుకొందురు. ఒక్కొక్కప్పుడు ఆకాశము మబ్బుపట్టి, నేల ఆకాశము ఒకే తెలుపై, ముందున్న బండి తప్ప నీడ గాని మిట్టపల్లములు గాని కనబడవు. దానిని తెల్లచీకటి యనవచ్చును. అప్పుడు బండి నిలిపి, లోపలనే కూర్చుండి, ఎన్ని గంటలైనను వేచియుండవలెను.

జనవరిలో మరియొక చిక్కు. ఎండకు రాతినేల దగ్గరి మంచు కరిగి కాలువలుగ పారును, బండ్లు కూరుకొనిపోవును. అందుచేత సూర్యుడు దిగువగ తిరుగువేళ, గడియారము ప్రకారము అర్ధరాత్రి ప్రాంతమున, మంచు గట్టిపడినప్పుడు ప్రయాణము మంచిది. రోహిణి కార్తె ఎండలకు మన బండ్లవారు పగలు ఎద్దులకు విశ్రాంతినిచ్చి రాత్రి బండి కట్టినట్లే. ఎండ బాధ రెండుచోట్ల వేరైనను ఉపాయము ఒక్కటే.

ఇంత మోతబరువు నడుమ శాస్త్రమునకు చోటెక్కడిది? సందు దొరికినప్పుడెల్ల అనవలెను. హెలికాప్టరు ఒకపూట ఖాళీయైనచో భూవిజ్ఞానశాస్త్రజ్ఞులు దూరపు కొండలకు పోయి రాళ్లు ఏరుకొందురు. హిమనదము కొస ఏటేట ఎంత వెనుకకు తగ్గుచున్నదో గుర్తులు పెట్టి కొలుచుదురు. 1997 నుండి హైదరాబాదులోని భూభౌతిక పరిశోధనాసంస్థ వారు మైత్రిలో భూకంపలేఖిని నడుపుచున్నారు. దక్షిణార్ధగోళమున అధికభాగము సముద్రమగుటచే అట్టి కేంద్రములు కొద్ది. దక్షిణ సముద్రములలో భూమి కదలినప్పుడు అచటి గీత ఎంతో విలువైనది. మన హైదరాబాదులోనే గల కణ, అణు జీవశాస్త్ర కేంద్రము వారు షిర్మాకర్ మట్టినుండి అంతకుముందు లోకమునకు తెలియని ఒక సూక్ష్మజీవిని వేరుచేసి 1992లో ప్రకటించిరి. దాని పేరులో అంటార్కిటికా పేరు కూర్చిరి. ఆ చిటికెడు మట్టి హైదరాబాదు చేరుటకు ఎంత నూనె కాలియుండునో ఊహించుకొనుడు.

రాళ్ల సంగతి చెప్పక విడువలేను. విశాఖపట్టణము చుట్టునుగల తూర్పు కనుమల కొండలలో కొండలైట్ అను ఎర్రని శిల విస్తారము. కనుమలలో నివసించు ఖోండుల పేర దానికి ఆ పేరు వచ్చినది. తూర్పు అంటార్కిటికా తీరపు శిలలకును మన తూర్పు కనుమల శిలలకును పోలిక కలదు. ఒకప్పుడు రెండును ఒకే భూభాగము; సుమారు 13 కోట్ల సంవత్సరములకు పూర్వము విడిపోనారంభించినవి. సింహాచలము మెట్లెక్కునప్పుడు మన పాదముల క్రిందనున్న కొండకు చుట్టము అచట మంచు క్రింద పడియున్నదన్న మాట. ఈ చుట్టరికమును తేల్చుకొనుటకే భూవిజ్ఞానులు అంత దూరము పోయి సుత్తి పట్టుకొని కొండలెక్కుచున్నారు.

ఈ వేసవి పనులకు మూల్యము లేకపోలేదు. 1989–90 వేసవిలో, తొమ్మిదవ యాత్రకు చెందిన నలుగురు కేంద్రమునకు దూరముగ కొండలలో గుడారము వేసికొని పరిశోధనలు జరుపుచుండిరి. మూసియున్న గుడారములో చేరిన కార్బన్ మోనాక్సైడ్ వాయువుచే నలుగురును ప్రాణములు కోల్పోయిరి. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. అచట మనుష్యుని కబళించునది ఎల్లప్పుడు తుపానో పగులో కానక్కరలేదు. మన యూళ్లలో కూడ చలికాలమున తలుపులు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పరుండువారు కలరు. గాలికి దారి ఉంచుకొనుడని ఈ సందర్భమున వారికి మనవి చేయుచున్నాను.

మన మూడవ యిల్లు భారతి. మైత్రికి తూర్పుగ సుమారు 3,000 కిలోమీటర్ల దూరమున లార్స్‌మన్ కొండలలో, సముద్రమునకు దగ్గరగ, 2012 మార్చి 18న ప్రారంభమైనది. దానిని కట్టిన తీరు ముచ్చటైనది. సరకు పంపు ఇనుప పెట్టెలు, మన రేవులలో నిత్యము చూచు కంటైనర్లు, 134 తీసికొనిపోయి, వానినే పేర్చి గదులుగ మార్చి, పైన చలి చొరని కవచము తొడిగిరి. సరకును మోసిన పెట్టెయే ఇల్లైనది. ఖాళీ పెట్టెలు తిరిగి మోయు పని తప్పినది. 1984లో పలకలకు అంకెలు వేసినవారి అనుభవము ఇందు కనబడుచున్నది. కట్టుబడికి దొరకినది మాత్రము మరల ఆ వేసవి దినములే.

దింపుట ఎంత ముఖ్యమో ఎక్కించుటయు అంతే. 1991లో మాడ్రిడ్ నగరమున కుదిరి 1998లో అమలునకు వచ్చిన ఒప్పందము ప్రకారము ఆ ఖండమున చెత్త విడిచిరారాదు. ఖాళీ పీపాలు, విరిగిన యంత్రభాగములు, డబ్బాలు, గాజు, బూడిద అన్నియు మూటకట్టి నౌకకు చేర్చి వెనుకకు తేవలెను. చెత్తను తెచ్చుటకు అన్ని వేల కిలోమీటర్ల ప్రయాణమా యని కొందరు నవ్వుదురు. మన వీధి మూల గోడ చాటున పోయు చెత్తను నిత్యము చూచు నాకు నవ్వు రాదు. కొంత అసూయ కలుగును.

ఫిబ్రవరి వచ్చుసరికి సూర్యుడస్తమించుట మొదలగును. మొదట కొద్ది నిమిషములు, తరువాత గంటలు. క్రొత్తగ వచ్చిన శీతకాలపు బృందము, ఏడాది గడపిన పాతబృందము నుండి ఇంటిని అప్పగించుకొనును. ఏ ఇంజను ఎప్పుడు మొరాయించును, చెరువు గొట్టము ఏ మలుపులో గడ్డకట్టును, నిప్పు ఆర్పు సాధనములెచట, మందులెన్ని, నూనె ఎన్ని పీపాలు, అన్నియు చూపి చెప్పి వ్రాసి ఇచ్చుదురు. కోడలికి ఇల్లు అప్పగించు అత్తగారి పద్ధతి యిదే. పేచీలు కూడ కొన్ని ఉండునట. పాతవారికి పోవలెనన్న ఆతురత, క్రొత్తవారికి ఇంకొక్క దినముండి చెప్పి పొమ్మన్న కోరిక. నడుమ నౌకాధిపతి సముద్రము వంక చూపించి తొందరపెట్టుచుండును.

చివరి పీపా చేరినదని, చివరి మూట ఎక్కినదని రేడియోలో చెప్పిన పిదప నౌక కదలును. మా స్టూడియోకు వచ్చిన ఆ ఇంజనీరు నౌకలో ఎక్కినవారిలో లేరు. ఒడ్డున నిలిచిపోయినవారిలో ఒకరు. నౌక మంచుగడ్డల నడుమ చిన్నదై కనుమరుగగువరకు అందరు అక్కడనే నిలిచియుండిరట. చాలసేపు ఎవరును మాటలాడలేదట. వంటపని అచట అందరికి వంతులవారీగ వచ్చును. కొంతసేపటికి వారిలో ఒకరు వెనుదిరిగి, "ఈ పూట వంట వంతు ఎవరిది?" అని అడిగిరట.